మా నాయిన మందు కలిపిన బాయి

స్టేషన్ ఘన్‌పూర్ అవతల సారు వాళ్ల ఇంటి ఎనక ఈత కొలను ఉన్నది. పొద్దుగాల దాని మీది నీలం పట్టా గుంజంగనే బిలిచింగు వాసన గుప్పున ముక్కులకు కొడుతది, ఇగ నాకు కాలు ఒక్కకాడ నిలవది. మా ఆయన పోయినంక ఈ కొలను నీళ్లు సూసుకునే పనిల కుదిరిన. చిన్న సీసల కొలను నీళ్లు పట్టి చుక్కల మందు ఏస్తే పసుపు రంగు తిరుగుతది. పాలిపోయినట్టుంటే బిలిచింగు తక్కువ, ముదురుగుంటే ఎక్కువ. ఎండ కొడితే బిలిచింగును ఎండ తింటది, వాన పడితే పలుచనైతది, నలుగురు పిల్లలు దుంకి ఆడితే మాపటికి సగమైతది. మాపటీలి ఏస్తా, పొద్దుగాల చూస్తా, పగటీలి మల్ల చూస్తా. “ఇప్పుడే చూసినవ్ గద లచ్చమ్మా, నీళ్లేమన్న పారిపోతయా?” అని సారు నవ్వుతడు. నవ్వనీ.

దేవరుప్పుల దిక్కు మా ఊరు. నా చిన్నప్పుడు ఊరందరికి ఒక్కటే మంచినీళ్ల బాయి, దాంట్ల బిలిచింగు కలిపే పని మా నాయినది. తొలేకాదశికి ఇంటింట పేలపిండి దంచుతుంటే, మక్క చేన్లు మోకాళ్లెత్తు లేస్తుంటే, బాయి గట్టు పాకురు పట్టి జారుతుంటే, నాయిన ముడులేసిన తాడు బాయిల ఇడిచి, ఎన్ని ముడులు తడిసినయో సూసి, అన్ని డబ్బాల పొడి తీసేటోడు. జరన్ని నీళ్లు పోసి అంబలి లెక్క కలిపి, బకీటు నింపి, సున్నం అడుక్కు దిగేదాక బీడీ తాగుకుంట కూసునేటోడు. పైన తేట ఇంకో బకీట్లకు ఒంపి, తాడుతోటి బాయిలకు దించి, మీదికి కిందికి గుంజి కలిపేటోడు. అటెన్క గంట సేపు ఎవ్వరు చేదుకోకుంట కావలి నాది. గట్టు మీద గచ్చకాయలు ఆడుకుంట, ఊరి రాణి లెక్క కూసుందును.

ఒక ఏడు వానలల్ల పక్క తండల వాంతులు, ఇరేసనాలు మొదలైనయి. నాయిన పరేషాన్ అయిండు. భయంతోటి తాడు ముడుల లెక్క ఇడిచిపెట్టి రెండింతలు కలిపిండు. తెల్లారేసరికి, నాచు తినాలని ఊరోళ్లు బాయిల ఇడిచిన చేపలన్ని తెల్లటి కడుపులు మీదికేసి తేలినయి.

“ఏం మందురా అయిలయ్యా, ఊరునే సంపుదామనుకున్నవా?” అని ఆడోళ్లు మీదికొచ్చిన్రు. నాయిన అందరి ముందట చెంబెడు చేదుకొని గటగట తాగిండు. “చేపకు ఓర్వదు గని మనిషికి ఏం గాదు. రెండు దినాలు ఎండ తగిల్తే వాసన గూడ పోతది” అన్నడు. ఎవ్వరు ఇనలే. బిందెలెత్తుకొని వాగు ఒడ్డున చెలిమెలు తోడుకున్నరు.

“మనం ఈ నీళ్లే తాగాలె. మనమే తాగకుంటే ఊరెట్ల తాగుతది?” అన్నడు నాయిన. అవ్వ నాకు బిందె ఇచ్చి తోలింది. తొవ్వల నా ఈడు పోరిలు ఎదురొచ్చిన్రు. “అయిలయ్య బిడ్డొచ్చిందే! ఇయ్యాల వాళ్లింట్ల చేపల పులుసు!” అని ఒక్కటే నవ్వుడు. నాకు తల తీసినట్టయింది. బాయి దిక్కు మల్లలే. వాళ్ల ఎంబడే వాగుకు పోయి, చెలిమెల ఎర్ర నీళ్లు ముంచి, పైటకొంగు అడ్డం పెట్టి వడగట్టుకొచ్చిన.

“బాయియేనా?” అన్నడు నాయిన.

“ఆ, బాయియే.”

మూడు దినాలు గట్లనే తెచ్చిన. నాలుగో దినం మా సెల్లె సమ్మక్కకు వాంతులు పట్టినయి. మూడేండ్లది, నా సంకల పెరిగింది. బస్సుల జనగామ దవాఖానకు కొంచవోయిన్రు. మర్నాడు అవ్వ ఒడిల, నాయిన తువ్వాలల సుట్టుకొని తెచ్చిన్రు.

“నా నీళ్లే తాగింది” అన్నడు నాయిన. గంతే. మల్ల ఆ పని ముట్టలే. పొలంకాడికి పోవాల్నంటే బాయి తొవ్వ ఇడిచి ఊరు సుట్టు తిరిగి పోయేటోడు. రోజు సూసిన నేను. మొదలు కొడుతరని చెప్పలే. తర్వాత, ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదంటరని చెప్పలే. నాయిన మంచం పట్టినప్పుడు చెంచతోటి నోట్ల నీళ్లు పోసిన, అప్పుడు గూడ నోరు పెగలలే.

మొన్న ఊరికి పోయిన. చేద లేదు, గిలక సప్పుడు లేదు, నీళ్లకాడ ఆడోళ్ల కొట్లాట లేదు. ఇంటింటికి నల్లాలొచ్చినయి. బాయిని మట్టితోటి పూడ్చి మీద సిమెంటు చేసిన్రు, దాని మీద ఎవలయో వడ్లు ఎండవోసి ఉన్నయి. వడ్లు తొక్కకుంట ఒక పక్కకు నిలవడి, ఆగలేక పైకే అన్న.

“నాయినా, సెల్లె తాగింది బాయి నీళ్లు గావు. వాగు నీళ్లు. నేనే తెచ్చిన.”

వడ్లు తిరగేస్తున్న కొత్త కోడలు తలెత్తి సూసింది.

“ఏం బాయి, పెద్దమ్మా?” అన్నది. “గీడ బాయి ఎన్నడున్నది?”