పడినవాడి వైపు

మేము ముగ్గురం ఆ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హెలికాప్టర్ నేలకు ఆనలేదు. మోకాలెత్తున గాలిలోనే నిలబడింది. కిట్ బ్యాగులు ముందు విసిరి, వెనకాల మేము దూకాం. తొడల దాకా మంచు. పైలట్ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు పోయాక నా ఊపిరి తప్ప ఇంకేమీ వినబడలేదు.

పోస్టు పేరు చెప్పకూడదు. ఉత్తరాన, సరిహద్దు మీద, గడ్డి పరక కూడా మొలవని ఎత్తు. మూడు ఫైబర్ గుడిసెలు, ఒక రేడియో, పగలూ రాత్రీ మండే కిరోసిన్ పొయ్యి. ఆ పొయ్యి మసికి ఉమ్మితే నల్లగా పడేది. ఎండ కాస్తుండగానే సున్నాకు ఇరవై డిగ్రీల కింద చలి. తాగే నీళ్ళు కావాలంటే మంచు తవ్వి కరిగించుకోవాలి.

సన్యాసిరావు నల్ల కళ్ళద్దాలు పైకెత్తి చుట్టూ చూశాడు.

"ఇక్కడ ఏటి పండిస్తార్రా?" అన్నాడు.

"నీలాటోళ్ళని," అన్నాడు నూకరాజు.

ముగ్గురం నవ్వాం. నవ్వితే ఆయాసం వచ్చింది. గుడిసె దగ్గర నిలబడిన సుబేదార్ సాబ్ హిందీలో అరిచాడు: "ఇక్కడ నవ్వు కూడా పొదుపుగా వాడాలి. లోపలికి రండి."

మాది రావికమతం దగ్గర ఊరు. మా ముగ్గురి పొలాలూ పక్కపక్కనే. చెరకూ, వరీ. ఇంటరు అయ్యాక నూకరాజు ఆర్మీకి వెళ్తానన్నాడు. అంతే, మా ఈడు వాళ్ళం ఆరుగురం వాడి వెంట పడ్డాం. ఎందుకూ అని ఎవడూ అడగలేదు. మా ఊళ్ళో ఒక్కడే సినిమాకు కూడా వెళ్ళడు. రోజూ గోవాడ రోడ్డు మీద పరుగు. చెరకు ఆడే రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే లారీల వెనక పరిగెత్తేవాళ్ళం. జారిపడిన గడలు ఏరుకుని, నములుతూ ఇళ్ళకొచ్చేవాళ్ళం. ఏడుగురిలో ముగ్గురం సెలక్టయ్యాం. శిక్షణ కలిసే, బెటాలియన్ ఒకటే.

ఇప్పుడు నేను చోడవరంలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చుంటాను. లైన్లో నిలబడి విసుగెత్తినవాళ్ళు అడుగుతుంటారు, అంత మంచులోకి వాలంటీరుగా ఎలా వెళ్ళారండీ, దేశభక్తేనా అని. వాళ్ళు మంచివాళ్ళే. అయినా నాకు చిరాకు వస్తుంది. ఆ రోజు మా బుర్రల్లో దేశం లేదు. నూకరాజు లేచాడు కాబట్టి మేం లేచాం. మా గురించి చెప్పాలంటే ఉన్న మాట అంతే.

ఆ రోజు సంగతి చెబుతాను. మాకన్నా పైన ఇంకో చిన్న పోస్టు ఉంది. అక్కడ ఒక జవాను ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆ ఎత్తులో అది వస్తే మనిషిని వెంటనే కిందికి దించాలి, లేకపోతే దక్కడు. మబ్బు కమ్మి హెలికాప్టర్ రాలేకపోయింది. పొద్దున టీ అవుతుండగా మా రేడియో ఆపరేటర్ చెవికున్నది తీసేసి అన్నాడు: "సాబ్, పైవాళ్ళ దగ్గర ఆక్సిజన్ సాయంత్రం దాకానే ఉందట."

సుబేదార్ సాబ్ మా అందరి వైపూ చూశాడు. సగంమందికి జ్వరాలు. "ఆర్డర్ వెయ్యను," అన్నాడు. "సిలిండర్లు తీసుకెళ్ళి, వాణ్ణి దించుకు రావాలి. ఎవరొస్తారు?"

నూకరాజు టీ మగ్గు కింద పెట్టి లేచాడు. మగ్గు నేలకు తగిలిన చప్పుడు ఆగకముందే సన్యాసి లేచాడు. నేనూ లేచాను.

"ముగ్గురిదీ ఒకే ఊరా?"

"అవును సాబ్."

"ఒకే ఊరివాళ్ళను ఒకే తాడుకు కట్టడం నాకిష్టం లేదు."

"కలిసి చెరకు కొట్టినోళ్ళం సాబ్," అన్నాడు నూకరాజు వచ్చీరాని హిందీలో. "మాట అక్కర్లేకుండానే పని జరిగిపోతుంది." సుబేదార్ సాబ్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. బలంగా ఉన్నవాళ్ళం మేమే. సరేనన్నాడు.

నలుగురం ఒక తాడుకు కట్టుకున్నాం. ముందు హవల్దార్, కొండల్లో పుట్టిన గర్వాలీ మనిషి. ఆయన వెనక నూకరాజు, తర్వాత సన్యాసి, చివర నేను. మనిషికీ మనిషికీ మధ్య పది గజాల తాడు. బూట్లకు ఇనుప ముళ్ళు, వీపున సిలిండర్, చేతిలో మంచు గొడ్డలి. బయల్దేరే ముందు హవల్దార్ ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్పాడు. మంచు కింద పగుళ్ళుంటాయి. పైకి కనబడవు. ఎవడైనా పడితే మిగతావాళ్ళు ఉన్నచోటనే బోర్లా పడి, గొడ్డలి మంచులో దిగ్గొట్టి, తాడు బిగబట్టాలి. పడినవాడి వైపు ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. దగ్గరికి వెళ్తే తాడు వదులై వాడు ఇంకా కిందికి పోతాడు, అంచు విరిగి మీరూ పోతారు.

మాకది తెలుసు. శిక్షణలో నిద్రలో లేపినా చేసి చూపించేవాళ్ళం.

గాలి లేదు. తెల్లటి మబ్బులో నడిచాం. హవల్దార్ కర్రతో పొడిచి చూసుకుంటూ ఒక చోట దాటాడు. ఆయన సన్నటి మనిషి. వెనకే నూకరాజు అడుగు పెట్టాడు. పెద్ద చప్పుడేమీ రాలేదు. మనిషి లేడు.

హవల్దార్ అప్పటికే నేల మీద పడి గొడ్డలి దిగ్గొట్టాడు. సన్యాసి మాత్రం గొడ్డలి అవతల పారేశాడు. "ఒరే నూకా!" అని కేక పెట్టి, రెండు చేతులూ చాచి, ఆ గుంట వైపు పరిగెత్తాడు.

మా వైపు మనుషులు తప్ప ఇంకెవరూ ఆ పొరపాటు చెయ్యరు. ఎండాకాలంలో చెరకు తోట అంటుకుంటే మా ఊళ్ళో ఎవరూ ఆలోచించరు. తడిపిన గోనెసంచి ఒకడు, పచ్చికొమ్మ ఒకడు, ఏదీ దొరక్కపోతే వట్టి చేతులతో ఒకడు. అన్నం తింటున్నవాడు ఎంగిలి చేత్తోనే వస్తాడు. తోట ఎవరిదని అడిగేది మంట ఆరాక. నడక రాగానే మేం నేర్చుకున్నది అదే, కేక వినబడితే అటు పరిగెత్తడం. తొమ్మిది నెలల శిక్షణ దాని మీద పైపూత.

నేనూ రెండడుగులు వేశాను. ఈలోగా అంచు విరిగి సన్యాసి తలకిందులుగా పోయాడు. తాడు నన్ను లాగి బోర్లా పడేసింది. ఆ పడడంలో గొడ్డలి దానంతటదే మంచులో దిగింది. తర్వాత, మీ ముగ్గురిలో డ్రిల్ ప్రకారం చేసింది నువ్వొక్కడివే అని సుబేదార్ సాబ్ మెచ్చుకోబోతే, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు.

అవతల నుంచి హవల్దార్ రేడియోలో మాట్లాడుతుంటే నాకు వినబడుతోంది.

"బేస్, ఇద్దరు కింద ఉన్నారు."

"ఇద్దరూ పడ్డారా?"

"ఒకడు పడ్డాడు. ఒకడు పరిగెత్తాడు."

"పరిగెత్తాడా? ఎటు?"

"పడినవాడి వైపు."

రేడియో గరగరలాడింది. "పట్టుకోండి, వస్తున్నాం," అన్నారు చివరికి.

పట్టుకున్నాం. లోపల నుంచి నూకరాజు గొంతు వస్తూనే ఉంది. "సన్నాసీ, పలకరా. నాకేటీ అవ్వలేదురా. నాను బాగానే ఉన్నాను. ఏటైనా మాటాడ్రా." వాడి భుజం విరిగింది, ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. సన్యాసి పలకలేదు. జ్వరంతో ఉన్నవాళ్ళు కూడా లేచి వచ్చారు. ఇద్దర్నీ పైకి లాగారు. సన్యాసి తల మంచుగోడకు కొట్టుకుంది. ముఖం మీద చిన్న గీత కూడా లేదు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. కన్నీళ్ళు రెప్పల మీదే గడ్డకట్టాయి.

మధ్యాహ్నానికి మబ్బు విడిపోయింది. హెలికాప్టర్ వచ్చింది. పై పోస్టు జవానును ఎక్కించుకుని, మా దగ్గర సన్యాసిని ఎక్కించుకుంది. ఆ జవాను బతికాడు. మాకు సంతోషమే. కానీ మేం ఆ పొద్దున గుడిసెలోనే కూర్చుని ఉన్నా అతను బతికేవాడు. 

సన్యాసి ఉన్న పెట్టెతో నేనూ నూకరాజూ ఊరికి వచ్చాం. చోడవరం నుంచి ఊరి దాకా రోడ్డుకు రెండు వైపులా జనం, మోటారు సైకిళ్ళు, జెండాలు. ఉపన్యాసాలిచ్చారు. సన్యాసి వాళ్ళమ్మ అవేవీ వినలేదు. పెట్టెలో కొడుకు ముఖం చూసి, "గుంటడు సిక్కిపోయేడు," అని మాత్రం అంది. మర్నాడు వాళ్ళ చెరకుకు ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ వచ్చింది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఊరు ఊరంతా కత్తులు పట్టుకుని వాళ్ళ తోటలో దిగింది. నూకరాజు కట్టు కట్టిన భుజంతో గట్టు మీద కూర్చుని, ఒంటి చేత్తో మోపులు కట్టేవాళ్ళకు చెరకాకు అందించాడు.

నేను సర్వీసు ముగించుకుని వచ్చేశాక, ఊరి కుర్రాళ్ళు సెలక్షన్లకు తయారుచెయ్యమని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. సన్యాసి పోయాడని ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఇంకా ఎక్కువమంది వస్తున్నారు, గుంపుగానే. ఒక ఆదివారం సన్యాసి వాళ్ళమ్మ వచ్చింది.

"పరుగులూ గెంతులూ ఎవులైనా నేర్పుతారు. ఈ గుంటలకి అదొక్కటీ నువ్వు నేర్పు సత్తిబాబూ. పడిపోయినోడి కాడికి పరిగెట్టొద్దని సెప్పు."

"అలాగే పిన్నీ," అన్నాను.

చెరకు కొట్టేసిన పొలంలో నలుగురు నలుగుర్ని తాడుకు కట్టాను. గొడ్డళ్ళ బదులు కర్రలు. నేను కేక వెయ్యగానే ఒకడు పడాలి, మిగతావాళ్ళు బోర్లా పడి కర్ర దిగ్గొట్టాలి. ఆమె గట్టు మీద కూర్చుని చూస్తోంది. బాగానే చేశారు. నాకు తృప్తిగా అనిపించింది. ఇంతలో చివర తాడులో ఒకడి కాలు బోదె కాలువలో మడత పడింది. "అమ్మా!" అని నిజంగానే పడ్డాడు.

కర్రలన్నీ ఎక్కడివక్కడ పారేశారు. ఆ తాడువాళ్ళూ, ఈ తాడువాళ్ళూ, తాళ్ళు కాళ్ళకు చుట్టుకుంటున్నా అందరూ వాడి వైపే పరుగు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సెప్పిందేటి, సేసిందేటిరా!" అని అరిచాను.

తలలు వంచుకున్నారు. ఒకడు నెమ్మదిగా అన్నాడు: "ఈసారి నిజంగా పడిపోయేడు కదా మాస్టారూ."

 వెనక్కి తిరిగితే ఆమె గట్టు మీద లేచి నిలబడి ఉంది.

"మా సన్నాసీ ఇలగే ఎల్లేడా బాబూ?"

"ఇలగే పిన్నీ."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుర్రాళ్ళ వైపే చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, వాళ్ళకు వినబడకుండా అడిగింది.

"మళ్ళీ ఓపాలి పరిగెట్టమను బాబూ. నాను సరిగ్గా సూళ్ళేదు."