కోతి మీద వేసిన నింద

ఆ ఉదయం నా ఎడమ చేతిలో టీవీ రిమోట్ నిలవలేదు. ముంజేయి వంకాయంత వాచింది. పద్మారావు నగర్‌లో మా వీధివాళ్ళకు కోతి పని అని చెప్పాను. పాలబూత్ దగ్గరికొచ్చేసరికి కోతులు మూడయ్యాయి. హాస్పిటల్లో ఓపీ చీటీ రాయించుకునే వేళకు, గుంపునంతా తరిమిన వీరుణ్ణి నేనే. పక్కన మా అబ్బాయి తల ఊపుతున్నాడు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం నేర్పిన అలవాటు, ప్రతి కాగితం వరసలో పెట్టి దాచుకుంటాను. ఆ ఫైలే నన్ను పట్టిచ్చింది. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి "అల్నా ఫ్రాక్చర్" అంది, ముంజేతి ఎముక విరిగిందట. పాత చీటీలు తిరగేసింది. పక్కటెముకకు దెబ్బ: బాత్రూంలో జారాను. చెవి దగ్గర గాయం: ఆటో తలుపు తగిలింది.

"ప్లాస్టర్ కట్టాలె, మీరు జెర బయట కూర్చోండి," అని అబ్బాయిని పంపి తలుపు వేసింది.

"తాతా, ఆటోకు తలుపు యాడుంటది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"దెబ్బకు చెయ్యి అడ్డం పెడితే గిట్ల విరుగుతది. ఎవరు కొట్టిండ్రు?"

"అబ్బాయి. భార్యను కొడుతుంటే అడ్డం పడ్డానమ్మా."

అదీ సగం అబద్ధమే. మీకు నిజం రాస్తాను. రెండేళ్ళుగా వాడు మా కోడలు సుజాతను కొడుతుంటే నేను చేసిన పని, టీవీ సౌండు పెంచడం. నలభై దాకా వెళ్ళింది. వాడికి నేను ఎదురైనప్పుడు నాకూ రెండు పడేవి. ముందురోజు సాయంత్రం కరెంటు పోయింది. అన్నీ వినపడ్డాయి. గుమ్మం దాకా వెళ్ళి "ఒరే, చాల్రా" అన్నాను, అంతే. కర్ర నా మీదకు తిరిగింది. చెయ్యి ఎత్తింది ఆమె కోసం కాదు, నా మొహం కాచుకోవడానికి.

డాక్టరమ్మ తిట్టలేదు. పోలీసులకు వెళ్ళే ఎంఎల్‌సీ కాగితం రాసింది. "ఇంట్ల ఆమెకు సుత తక్లీఫే కదా," అని కౌన్సెలర్‌ను పిలిచింది. ఆ కౌన్సెలర్ సుజాతతో విడిగా మాట్లాడింది. ఇలాగే చెయ్యమని అనలేదు, ఏమేం చెయ్యొచ్చో చెప్పింది. గృహహింస కేసులు చూసే ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి తోడు వచ్చింది.

ప్లాస్టర్ విప్పాక వేళ్ళు ముడుచుకోలేదు. ఫిజియోథెరపీ నడుస్తుండగా శ్రీకాకుళం నుంచి మా బావమరిది దిగాడు.

"బావా, జారిపడ్డానని రాసిచ్చీ. పరువు పోతాది."

కాగితం అతనే రాసి తెచ్చాడు. నేను సంతకానికి వంగాను కూడా. సుజాత పెన్ను అందించింది.

"పెట్టండి మామయ్యా. ఈసారి ఎన్ని కోతులు?"

చింపడానికి ఎడమ చేతి వేళ్ళు సాయం రాలేదు. కాగితం పళ్ళతో పట్టుకుని చింపాను.

ఇప్పుడు కోర్టు ఉత్తర్వుతో మా అబ్బాయి ఇంటి బయట ఉన్నాడు. ఇల్లు నాది, సుజాత ఇక్కడే ఉంటుంది. పరువు మాట ఎత్తినవాళ్ళకు ఎక్స్‌రే చూపిస్తున్నాను. టీవీ సౌండు పన్నెండు.

ఒక్క మాట. డాక్టరు మీ వెంట వచ్చినవాళ్ళను బయటికి పంపితే, ఆ తలుపు మళ్ళీ తెరుచుకునే లోపు నిజం చెప్పేయండి. పంపకపోతే, "నేను ఒంటరిగా మాట్లాడాలి" అని మీరే అడగండి. పాపం, కోతుల్ని వదిలేయండి.