ముగ్గులో సంచి

మా వీధి కొట్టు మామ్మగారు పోయారు. పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే మా ఆవిడ వీధిలోంచి వచ్చి ఆ మాట చెప్పింది. కూతురు కాఫీ ఇవ్వబోతే లేవలేదట. నేను ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవాలో, వేసుకున్నది విప్పాలో తెలియక అలాగే నిలబడ్డాను. నాలుగేళ్ళుగా ఆవిడతో మాటల్లేని మనిషిని. వెళ్ళాలా? వెళ్తే ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

చివరికి వెళ్ళాను. ధవళేశ్వరంలో కాలవ గట్టు మీంచి మా వీధిలోకి తిరిగే మలుపులోనే ఆవిడ కొట్టు. వెనక ఇల్లు. కొట్టు ముందు ఆ రోజు కళ్ళాపి లేదు, ముగ్గు లేదు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండదని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ బోసి నేల చూసేసరికి ఎక్కడ నిలబడాలో అర్థం కాలేదు. వచ్చినవాళ్ళంతా ఎవరికి తోచిన చోట వాళ్ళు నిలబడ్డారు. ఒకప్పుడు ఈ వీధిలో ఎవరు ఎక్కడ నిలబడాలో ఆవిడే చెప్పేవారు. ఆ సంగతి చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టే కాదు. నా తప్పు కూడా అందులోనే ఉంది.

కరోనాకి ముందు ఆ కొట్టు దగ్గర వరస అనేది లేదు. పొద్దున్న ఏడింటికి పది మంది బల్ల మీద మోచేతులు ఆనించి ఒకేసారి అడిగేవారు, మామ్మగారు పది మందికీ ఒకేసారి జవాబు చెప్పేవారు. అడిగింది అడిగినట్టు ఇవ్వడం మాత్రం ఆవిడకి చేతకాదు. పావుకిలో చింతపండు అంటే, "ఏం వండుతున్నారో చెప్పు, ఎంత కావాలో నేను చెప్తాను" అనేవారు. పులుసుకైతే ఇంత, పులిహోరకైతే అంత. ఇంటికి చుట్టాలొచ్చారా, అమ్మకి దగ్గు తగ్గిందా, మొన్న తీసుకెళ్ళిన కందిపప్పు మెత్తగా ఉడికిందా, ఇవన్నీ తేలాకే త్రాసు చేతికి తీసుకునేవారు. ఇంకొంచెం ఎక్కువివ్వండి అంటే, పురుగు పట్టించుకోడానికా అని కసిరేవారు. కొట్టు పెట్టుకున్న మనిషి సరుకు తక్కువ కొనమనడం ఏంటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. మా ఇంట్లో మాత్రం ఏనాడూ పప్పుకి పురుగు పట్టలేదు.

లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో మైకు కట్టిన ఆటో ఒకటి వీధులన్నీ తిరిగింది. కొట్ల ముందు ఆరడుగులకొక గుండ్రం గీయాలి, మనిషి అందులోనే నిలబడాలి. ఆరడుగులంటే ఎంతో మామ్మగారికి తెలియలేదు. రెండు ఖాళీ బియ్యం బస్తాలు తెచ్చి, ఒకదాని చివర ఒకటి నేల మీద పరిచి, ఇంతే కదా అన్నారు. ఎవరో వచ్చి సున్నంతో గుండ్రాలు గీసి వెళ్ళారు. మర్నాడు పొద్దున్న ఆవిడ చల్లిన కళ్ళాపిలోనే అవి కొట్టుకుపోయాయి. ఇలా కాదని ఆవిడే ముగ్గుపిండి డబ్బా తెచ్చుకుని గుండ్రాలు వేయడం మొదలుపెట్టారు.

అక్కడే వచ్చింది చిక్కంతా. అరవై ఏళ్ళుగా ముగ్గులు వేసిన చెయ్యి అది, గుండ్రం దగ్గర ఆగమంటే ఆగుతుందా? లోపల చిన్న పద్మం వేసింది, చుట్టూ రేకులు పెట్టింది. కొట్టు గుమ్మం నుంచి కాలవ గట్టు దాకా అలాంటి పద్మాలు తొమ్మిది. ఏడింటికి జనం వచ్చారు, చూశారు, ఆగిపోయారు. ముగ్గు మీద కాలెవరు పెడతారు? ఒక్కొక్కరే జాగ్రత్తగా ముగ్గులు తప్పించుకుంటూ పక్కకి జరిగారు. ముగ్గులు పోగా మిగిలిన కాస్త జాగాలో మేమంతా ఒకరి మీద ఒకరు పడేలా సర్దుకున్నాం. అంతకన్నా ముందు రోజు బల్ల దగ్గరే కొంచెం ఎడంగా ఉన్నాం.

అటుగా వచ్చిన కానిస్టేబుల్ తల పట్టుకున్నాడు. గీసింది తొక్కడానికే కదా, లోపలికెళ్ళి నిలబడండి అన్నాడు. మామ్మగారు నిజంగానే తెల్లబోయారు.

"ముగ్గు తొక్కమని నేనెలా చెప్తాను బాబూ? నువ్వు తొక్కుతావా?"

అతను చూపిద్దామని బూటు ఎత్తాడు. రేకుల వైపు చూశాడు. ఎత్తిన కాలు మెల్లగా వెనక్కి పెట్టుకుని, ఏదో ఒకటి చెయ్యండి అని వెళ్ళిపోయాడు.

ఉపాయం మర్నాడు మామ్మగారే చెప్పారు. ముగ్గు తొక్కకూడదు గానీ ముగ్గులో వస్తువు పెట్టొచ్చుగా, పూజకి కలశం పెట్టమా అన్నారు. ఆ రోజు నుంచి మా బదులు మా సంచులు వరసలో నిలబడ్డాయి. సగానికి పైగా పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టి ఇచ్చిన సంచులే, ఒక్కోదాని మీద ఒక్కో జంట పేర్లు. మాస్కుల వెనక మొహాలు పోల్చలేక ఆవిడ మమ్మల్ని సంచుల్ని బట్టి పిలిచేవారు. మాది ఆకుపచ్చ గళ్ళ సంచి, మా అమ్మ పాత చీర చింపి కుట్టింది. "గళ్ళ సంచీ, రా" అంటే నేను వెళ్ళాలి. ఆఫీసులో నన్ను గారు అని పిలిచే అటెండరు నా వెనకే నిలబడి అది వినేవాడు.

సంచులైతే రెండేసి బస్తాల దూరంలో బుద్ధిగా కూర్చున్నాయి. వాటిని అక్కడ వదిలేసి మేమంతా ఎదురుగా ఉన్న నిద్రగన్నేరు చెట్టు నీడలోకి చేరాం. నీళ్ళు కట్టేసిన కాలవలో మిగిలిన బురద చూస్తూ, భుజాలు రాసుకుంటూ, ఈ జబ్బు ఎలా అంటుకుంటుందో వాదించుకున్నాం. మామ్మగారు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, జబ్బు మీకొస్తుందా మీ సంచులకొస్తుందా అని అడిగారు. నవ్వకండి, అప్పట్లో ఎవరికీ ఏదీ తెలియదు. పాల పేకెట్టు కడగాలా వద్దా? వంకాయలు సబ్బుతో తోమాలా ఉప్పునీళ్ళలో వెయ్యాలా? మా ఆవిడ రెండూ చేసేది.

తర్వాత గుమ్మానికి అడ్డంగా ఇంకో బల్ల వచ్చింది. బల్ల మీంచి కిందకి ఏటవాలుగా నీళ్ళ గొట్టం ఒకటి కట్టించారు. బియ్యం అందులోంచి జారి సంచిలో పడేవి, పప్పు పడేది, బెల్లం ముక్క మాత్రం మధ్యలో ఇరుక్కునేది. ఆవిడ అటువైపు నుంచి కర్ర పెట్టి పొడిచేవారు. పొడుస్తూనే ఆ గొట్టంలోకి నోరు పెట్టి ఇవాళ కూరేంటని అడిగేవారు. మేం ఇటువైపు చెవి పెట్టి విని జవాబు చెప్పేవాళ్ళం. ఇదేంటి మామ్మగారూ అంటే, "దూరం కాళ్ళకి చెప్పారు గానీ నోటికి చెప్పలేదు" అన్నారు. కూతురి ఫోనుకి మేం సరుకుల జాబితా వాయిస్ మెసేజీ పెడితే ఉత్తరం విన్నట్టు శ్రద్ధగా వినేవారు. ఆవిడ పంపే జవాబు కూడా ఉత్తరంలాగే, అందరూ క్షేమమా అని మొదలయ్యేది.

రెండో ఏడు వేసవికి సరదాలన్నీ పోయాయి. రోజూ ఏదో ఒక ఇంటి ముందు ముగ్గు ఉండేది కాదు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న నేను సరుకులకి మెసేజీ పెట్టి కొట్టుకి వెళ్ళాను. గొంతులో కొంచెం గరగర. అమ్మకి ముందు రోజు నుంచీ ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎండ దెబ్బ అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానో, అలా అయితే బాగుండుననుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. సంచి ముగ్గులో పెట్టాను. మామ్మగారు బల్ల వెనక లేచి నిలబడ్డారు.

"గళ్ళ సంచీ, నీకు సరుకు లేదు. ఇంటికెళ్ళు. నేను చెప్పేదాకా ఈ గుమ్మంలోకి రాకు."

అందరూ నా వైపు చూశారు, చూసి తలొక అడుగు వెనక్కి వేశారు. చిన్నప్పటి నుంచి ఆ కొట్టు బెల్లం తిన్నవాణ్ణి, వీధి కుక్కని అదిలించినట్టు అదిలిస్తారా? సంచి కూడా తీసుకోకుండా వచ్చేశాను.

రెండు రోజులకి ముగ్గురికీ జబ్బేనని తేలింది. అమ్మది గట్టి జ్వరం. వండుకునే ఓపిక లేదు, బయటికెళ్ళే వీల్లేదు. అప్పట్నుంచి రోజు విడిచి రోజు మా గేటుకి ఎవరో ఒక కవరు తగిలించి వెళ్ళేవారు. అందులో పాత బియ్యం, మిరియాలు, శొంఠి, వాము, నిమ్మకాయలు, నోరు చేదెక్కిన అమ్మ కోసం పేలాలు. సరిగ్గా రెండు రోజులకి సరిపోయేంత, చిటికెడు ఎక్కువ కాదు. మా ఆవిడ ఆఫీసువాళ్ళనుకుంది. నేను రావులపాలెంలో అరటికాయల వ్యాపారం చేసే మా బావమరిది పంపిస్తున్నాడనుకున్నాను. కోలుకున్నాక అతనికి ఫోను చేసి, మా ప్రాణాలు నిలబెట్టావయ్యా అన్నాను. అతను, "అయ్యో, దానికేముందండి బావగారూ" అన్నాడు. అతను పంపలేదు. కాదని చెప్పడానికి మొహమాటపడ్డాడు, అంతే. మా వైపు మనుషుల మొహమాటం ఇంతింత పనులు చేస్తుంది.

అతన్ని అని ఏం లాభం? ఆ పొట్లాలకి పురికొస చుట్టిన తీరు చూసైనా నేను పోల్చుకోవాలి. రెండు రోజులకి ఎంత కావాలో అంత కచ్చితంగా తూచే చెయ్యి ఈ ఊళ్ళో ఇంకెవరిది? కోపం వస్తే కళ్ళు కనపడవంటారు. నాకు నాలుగేళ్ళు కనపడలేదు. ఆవిడ రమ్మని చెప్తే వెళ్దామని కూర్చున్నాను. ఆవిడ చెప్పలేదు.

సరుకులకి రాజమండ్రిలో సూపర్ మార్కెట్టుకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. అక్కడ గుమ్మంలో నుదుటికి ఏదో గురిపెట్టి జ్వరం చూసేవారు. నేల మీద బాణం గుర్తులు, అవి చూపించినట్టే నడవాలి. ఉప్పు దాటిపోయాక గుర్తొస్తే మళ్ళీ షాపంతా చుట్టి రావాలి. నేను ప్రతిసారీ ఉప్పు దాటిపోయేవాణ్ణి. ఏం వండుతున్నారని అక్కడ ఎవరూ అడగలేదు. ఎంత కొనాలో తెలియక తెచ్చిన చింతపండు నల్లబడిపోయింది, పప్పుకి పురుగు పట్టింది. కొట్టు ముందు నుంచే బండి మీద వెళ్ళేవాణ్ణి. మామ్మగారు తల ఎత్తి చూసేవారు. నేను రోడ్డు చూసుకునేవాణ్ణి.

ఆ రోజు ఆ బోసి నేల మీద ఎక్కడ నిలబడాలో తెలియక తిరిగి వచ్చేద్దామనుకుంటుంటే ఆవిడ కూతురు నన్ను చూసింది. నాకన్నా ఐదారేళ్ళు పెద్దది, చిన్నప్పట్నుంచీ అక్కా అనే పిలుస్తాను. ఆగు తమ్ముడూ అని కొట్టులోకి వెళ్ళి, ఉతికి మడత పెట్టిన ఆకుపచ్చ గళ్ళ సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల మేకుకి ఎప్పుడూ తగిలించే ఉండేదట. ఎవరు అడిగినా మామ్మగారు ఇచ్చేవారు కాదట. అది వాడిది, వస్తాడు అనేవారట.

అప్పుడు చెప్పింది అక్క. ఆ పొద్దున్న నా మెసేజీలో గొంతు తేడాగా ఉందని మామ్మగారు మూడుసార్లు విన్నారు. వరసలో నా వెనక ముగ్గు కడుపుతో ఉన్న అమ్మాయిది. అందుకని అరిచారు. గేటుకి కవరు తగిలించింది కూడా ఆవిడే. పిల్లలున్నదానివి నువ్వు వద్దని కూతుర్ని ఆపి, డెబ్బై దాటిన మనిషి తనే నడిచి వచ్చేవారు. తగిలించి, ఎదురు సందు మలుపులో నిలబడి, మా ఆవిడ కవరు లోపలికి తీసుకెళ్ళేదాకా చూసి వెళ్ళేవారు.

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"నేనూ అడిగాను తమ్ముడూ. చెప్తే మొహమాటానికి వస్తాడే, వాడంతట వాడు రావాలి, అంది."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, అది ఎవరి మీదో తెలియలేదు. ఆవిడ చెప్తారని నేను, నేను వస్తానని ఆవిడ, రెండు వందల గజాల వీధిలో నాలుగేళ్ళు గడిపేశాం. దూరం నోటికి చెప్పలేదన్న మనిషి నా దగ్గరకొచ్చేసరికి ఎందుకు ఊరుకున్నారు? ఆవిడకీ నా మీద కోపం వచ్చిందా? వస్తే ఆ సంచి ఎందుకు ఉతికారు? అడగడానికి ఇప్పుడెవరున్నారు?

పెద్దకర్మ అయ్యాక అక్క కొట్టు తెరిచింది. పొద్దున్న ఏడింటికి గళ్ళ సంచి పట్టుకుని వెళ్ళాను. గుమ్మం ముందు తడి ఇంకా ఆరలేదు. మధ్యలో ఒక్కటే పద్మం, రేకులు కొంచెం వంకరగా వచ్చాయి. కొట్టు దగ్గర ఎవరూ లేరు. అయినా సంచి తీసుకెళ్ళి ముగ్గు మధ్యలో పెట్టి, పక్కన నిలబడ్డాను.

ఏం కావాలి తమ్ముడూ అంది అక్క. పావుకిలో చింతపండు అన్నాను. అని, కాసేపు ఆగాను. అక్క ఏమీ అడగలేదు. తూచి, పొట్లం కట్టి ఇచ్చేసింది.

సంచి కోసం వంగాను. రేకుల మీద కాలు పడకుండా అందుకోవాలంటే చెయ్యి బాగా చాచాల్సి వచ్చింది. ఎత్తి చూస్తే సంచి అడుగున సగం పద్మం తెల్లగా అంటుకుని ఉంది. దులపాలో వద్దో తెలియక, అలాగే పట్టుకుని ఇంటికి నడిచాను.