నాకు రాని రోగం నయమైన వైనం

ఆరోగ్యంగా ఉన్న పాపానికి పెళ్లి తప్పిపోబోయిన మగవాణ్ణి ఎప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి. మా ఆళ్లగడ్డలో ఆ ఘనకార్యం నేనొక్కడినే చేశాను.

అప్పుడు నాకు చెన్నైలో ఉద్యోగం. అక్కడొక ఆసుపత్రిలో, హెచ్ఐవి రాకుండా ముందే వేసే కొత్త టీకాను తొలి విడతగా కొద్దిమంది మీద పరీక్షిస్తున్నారు. ఏ రోగమూ లేని పెద్దవాళ్లే కావాలన్నారు. సరే, నలుగురికీ మేలు కదా అని వెళ్లాను. తల నుంచి కాలిదాకా చూసి, "పూర్తి ఆరోగ్యవంతులు" అని తీసుకున్నారు. నన్ను అంత గొప్పగా అంతకు ముందు ఎవరూ మెచ్చుకోలేదు. టీకాలో వైరస్ లేదని, దానివల్ల రోగం రాదని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. చివర్లో ఇంకేదో ముఖ్యమైన మాట కూడా చెప్పింది. అది నేను ఆవలిస్తూ విని, సూది వేయించుకుని వచ్చేశాను.

అంతలో నంద్యాల సంబంధం కుదిరింది. అమ్మాయి ఎస్తేరు, బడిలో టీచరు. రెండుసార్లు మాట్లాడానో లేదో, నాకు అన్నం సహించడం మానేసింది. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలి. ప్రధానం, అంటే మా క్రైస్తవుల నిశ్చితార్థం, వారం ఉందనగా ఊరొచ్చాను.

ఆదివారం ఆరాధనకు ముందు మా పాస్టరు అయ్యగారి చెవిలో, "టీకా పరీక్ష బాగా జరగాలని ప్రార్థించండి" అన్నాను. అదే నా కొంప ముంచింది. మందిరంలో మైకు ఉంది, మందిరం మీద ఊరంతా వినపడే గొట్టం ఉంది. "మన శామేలు హెచ్ఐవి సంగతి గురించి భారంతో ప్రార్థిద్దాం" అన్నారు అయ్యగారు. టీకా అన్న మాట ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. వెనక వరసలో ఎవరో ఏడ్చారు కూడా.

సాయంత్రానికి కాబోయే మామ రత్నంగారి ఫోను.

"ఏందప్పా శామేలూ, ఏందేందో వింటాండా?"

"నాకేం లేదు మామా. బాగుండానని చూసినంకనే సూది ఏసినారు."

"బాగుండేవానికి సూది యాలప్పా?"

"రోగం రాకుండా ఉండేదానికి."

"వచ్చేదానికి నువ్వేం పన్లు చేస్తాండావ్?"

రోషమొచ్చి, "రేపే నంద్యాలలో రక్తపరీక్ష చేయించుకుంటా, మీరూ రాండి" అన్నాను.

ఇద్దరం వెళ్లాం. ఛాతీ విరుచుకుని రక్తమిచ్చాను. ఫలితం వచ్చింది. పాజిటివ్! పక్కన కూర్చున్న మామ లేచిపోయి గుమ్మంలో నిలబడ్డాడు.

వెంటనే చెన్నైకి ఫోన్ చేశాను.

"బయట ఎక్కడా ఈ పరీక్ష చేయించుకోవద్దని చెప్పానా, లేదా?" అంది డాక్టరమ్మ. ఆవలింతలో పోయిన మాట అదీ! "ఆ పరీక్ష వైరస్‌ను వెతకదండీ. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను వెతుకుతుంది. టీకా వేసినా అవి పుట్టొచ్చు. వైరస్‌నే వెతికే పరీక్ష వేరే ఉంది. వచ్చేయండి."

మామకు ఇదంతా చెప్పాను.

"అంటే ఉండాదా, లేదా?"

"లేదు మామా. ఉన్నట్టు చూపిస్తాది."

"లేంది యాడ నుంచి చూపిస్తాదప్పా?"

చెప్పేకొద్దీ నాకే అనుమానం ముదిరింది. నిజంగానే భయమేసింది. రోగం సంగతి తర్వాత, ఎస్తేరు ఏమంటుందో? ఆమెకు ఫోన్ చేసి మొత్తం వెనకాముందూ కలిపి చెప్పేశాను.

"సగం అర్థం కాలే" అంది. "కానీ అబద్ధమైతే ఇంతకన్నా బాగా చెప్తారు. పోయి ఆ పరీక్షేదో చేయించుకోని రాండి. ప్రధానం ఒక వారం ఎనక్కి జరపమని నాయనతో నేను చెప్తా."

ఆమె మీద ప్రేమ నాకు అప్పుడు పూర్తిగా ముదిరింది. దానికి టీకా లేదు.

చెన్నై పరీక్షలో వైరస్ లేదని తేలింది. డాక్టరమ్మే మామకు ఫోన్లో చెప్పింది. నేను నంద్యాల చేరేసరికి ఆయన కళ్లనిండా నీళ్లు. నన్ను గట్టిగా వాటేసుకున్నాడు.

"పోయిన వారం ఉండె. ఈ వారం లేదు. చూస్తివా, ప్రార్థన!"

"మొదట్నుంచీ లేదు మామా!"

"విశ్వాసమంటే అట్లుండాల!"

అంతటితో ఆగాడా? ప్రధానం నాడు చుట్టాలందరి ముందూ లేచి, "మా అల్లుని రోగం దేవుడు తీసేసినాడు" అని సాక్ష్యం చెప్పాడు. జనం హల్లెలూయా అంటే షామియానా ఊగింది. ఒక ముసలమ్మ తన మోకాలి నొప్పికి ప్రార్థన చేయమని నా చేతులు పట్టుకుంది. నిజం చెప్పాలని నేను లేవబోయాను. ఎస్తేరు ముసుగులో నవ్వాపుకుంటూ నా చొక్కా పట్టి లాగింది.

"కూచోండి. బాగుండానని మళ్లా చెప్పినారంటే ఈసారి పెళ్లే ఆగిపోతాది!"

చటుక్కున కూర్చున్నాను. కూర్చున్నచోటే, సర్వ సంఘం సాక్షిగా, మనసులో ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట "బాగుండావా శామేలూ?" అని ఎవరడిగినా, "ఏదో, అట్ల ఉండా" అంటాను. బాగున్నానని మాత్రం ప్రాణం పోయినా ఒప్పుకోను.