కవరు మీద రాసిన దేశం

ఇవాళ పొద్దున్న కింది వాటాలో ఎవరో ఆవనూనెలో చేపలు వేయించారు, ఆ ఘాటు మెట్లెక్కి వచ్చేసరికి నేను ఉన్నపళంగా రంగూన్ పేట మింగళ తౌంగ్‌న్యున్‌లోని మా పాత వరసింట్లోకి, పదేళ్ళ వయసులోకి వెళ్ళిపోయాను.

మా పక్క గదిలో అచ్చం ఇదే వాసన. అక్కడ ఉండే బెంగాలీ ఆవిడని వాళ్ళ భాషలోనే మాసీ, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. తూర్పు బెంగాల్లోని బరిశాల్ నుంచి కొత్తకోడలుగా రంగూన్ వచ్చి, భర్త పోయాక మా అమ్మకి తోడై, మా శ్రీకాకుళం యాస అచ్చంగా పట్టేసింది. వానలు వెనకబట్టి, బర్మావాళ్ళు దీపాల పండక్కి గుమ్మాలు కడుక్కునే రోజుల్లో, దసరా వెళ్ళగానే ఆవిడ గదిలో బెల్లం పాకంలో కొబ్బరి మగ్గేది, వేళ్ళు కాలుతున్నా ఆగకుండా ఉండలు చుట్టేది, మేం పళ్ళెం చుట్టూ మూగేవాళ్ళం. అబ్బ, ఆ రుచి మళ్ళీ ఎరగను!

ఉండలయ్యాక ఉత్తరం. దూరాన ఉన్న పెద్దలకి దణ్ణాలు పెడుతూ ఆ రోజుల్లో ఉత్తరం రాయడం వాళ్ళ ఆచారం. మాసీకి మిగిలింది ఊళ్ళో అక్క ఒక్కతే. లోపల తను బెంగాలీలో రాసేది. పాత కవరు చూసి ఇంగ్లీషులో చిరునామా ఎక్కించడం నా పని.

"నేను పుట్టినప్పుడు ఇండియా అన్నారు, ఇక్కడికొచ్చాక పాకిస్తానన్నారు. మా ఇల్లు మాత్రం ఎక్కడికీ ఎల్లలేదే అమ్మా!" అని నవ్వేది.

యుద్ధం వచ్చిన ఏడాది ఉత్తరమే లేదు. నాన్న రేడియో వింటుంటే మాసీ గుమ్మంలో కూచుని, "ఏటంటన్నారు? బరిశాల్ ఊసేటైనా ఉందా?" అని అడిగేది. బంగ్లాదేశ్ ఏర్పడిందని తెలిసిన రోజు ఏడుస్తూనే మా నోళ్ళలో పంచదార పోసింది. మరుసటి దసరాకి కవరు నా చేతికిచ్చి, "కొత్త పేరు రాయే, మర్సిపోకు. అక్క బతికుందో లేదో తెలాలి," అంది.

మరిచిపోయాను. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల గళ్ళు గీసేశారు, నాకు తొందర. పాత కవరు మీద ఉన్నది ఉన్నట్టు తూర్పు పాకిస్తాన్ అని ఎక్కించి పోస్టు డబ్బాలో పడేశాను. అన్నం తింటుంటే గుర్తొచ్చింది. చెబితే అమ్మ వీపు చీరేస్తుందని నోరు మెదపలేదు.

జవాబు రాలేదు. పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే చాలు, మాసీ తడిచేతులతో పరిగెత్తేది. మళ్ళీ దసరాకి నేనే కలం పట్టుకుని వెళ్ళాను.

"పోయినోళ్ళకి దణ్ణాలు రాయకూడదే," అని మొహం తిప్పేసుకుంది. అప్పుడూ చెప్పలేదు నేను. పాపిష్టిదాన్ని.

ఇప్పుడు ఆ వరసిల్లు లేదు, మాసీ లేదు, ఆ వీధిలో బెంగాలీ మాట లేదు. ఇదంతా విన్న మా మనవరాలు ఫోనులో బరిశాల్ వెతికి తీసింది. "వాళ్ళ అక్క పేరేటి మామ్మా? ఎవరైనా ఉన్నారేమో అడుగుదాం," అంది.

ఎంత తన్నుకున్నా పేరు గుర్తు రాలేదు, వీధి గుర్తు రాలేదు. ఆ చిరునామాలో నేను తప్పు రాసిన ముక్క ఒక్కటే గుర్తుంది.