నడిమి గడిలో బల్ల

1994 ఆగస్టు 9, మంగళవారం. పొద్దున్నే హాస్టల్ ఫోను మోగింది. సెలవు పెట్టి బాపట్లలో చెల్లెలింటికి వెళ్లిన మా నర్సింగ్ ట్యూటర్ మేడం గుండె ఆగి పోయారట. సమాధి కూడా నిన్ననే అయిపోయిందట. ఇవాళ తిరిగొస్తారని, ఇక్కడ తెనాలిలో మేము ఆమె క్లాసు కోసం అప్పుడే నేల తుడిచి ఉంచాం.

నేలెందుకంటే, ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల వార్డు పని ఆమె మాకు అష్టాచెమ్మాతో నేర్పారు. సుద్దముక్కతో గడులు గీసేవారు. కాయలు మా రోగులు. గవ్వలు నిజాంపట్నం ఒడ్డున ఏరినవి. చెమ్మా పడితే ఊపిరి ఆగినట్టు, అష్టా పడితే బీపీ పడిపోయినట్టు. ముందుగా ఏం చేయాలో చేసి చూపిస్తేనే కాయ కదిలేది.

"మిషను వంక చూస్తావేంటమ్మా? అదేమన్నా నీ మేనత్తా? మనిషిని చూడు!" అనేవారు.

అందరి ఆటలో నడిమి గడి చేరితే కాయ పండినట్టు. ఆమె ఆటలో చచ్చిన కాయ కూడా అక్కడికి చేరాల్సిందే. ఆ గడి వార్డు బయటి బల్ల.

"రోగి పోయాడు. వాళ్లమ్మ బయట కూర్చుంది. ఎవరెళ్తారు?"

ఆటలో ఆ తల్లి మేడమే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. అప్పటిదాకా నవ్విన మేమంతా గోడలు చూసేవాళ్లం.

నేను వెళ్లేదాన్ని, ప్రతిసారీ ఓడేదాన్ని. కొత్తగా మాటల పిచ్చి పట్టింది నాకు. పుస్తకాల్లో ఏరుకున్నవన్నీ అక్కడ పరిచేదాన్ని. "విధి బలీయమైనదండి..." అనగానే ఆమె ఏడుపు ఆపేసేవారు.

"ఓసి నీ విధి బంగారం గానూ! హరికథ చెప్తున్నావా? ముందు కూర్చోవే. మాట దానంతటదే వస్తుంది."

మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

మధ్యాహ్నం వార్డెనమ్మ వచ్చారు. మేడం వాళ్లమ్మ రేపల్లెలో ఒక్కతే ఉంటుంది. సమాధి నుంచి తిరిగొచ్చి అరుగు మీద కూర్చుందట, లోపలికి రానంటోందట, ఎవరితోనూ పలకడం లేదట. "మీలో ఎవరన్నా వెళ్తారా అమ్మాయిలూ?"

అందరం గోడలు చూశాం. తర్వాత నా చెయ్యి లేచింది.

"ఏం చెప్తావే?" అంది నా పక్కమంచం పిల్ల.

అప్పటినుంచి కాలు నిలవడం లేదు. వరండాలో తిరుగుతూ ఒక వాక్యం కడతాను, బట్టలు పిండుతూ దాన్ని కొట్టేస్తాను. ఏదీ ఆ అరుగు దాకా నడిచేలా లేదు.

రేపు పొద్దున మొదటి రేపల్లె బండి ఎక్కుతాను. మెట్ల కింద చెప్పులు విడిచి, అరుగు మీద ఆమె పక్కన ఎంత చోటుంటే అంతలో కూర్చుంటాను.