మొదటి గడిలో శ్రీ

డిసెంబరు ఎండలో వేయించిన వేరుశెనక్కాయల వాసన తగిలితే చాలు, గురుగ్రామ్‌లో మా అమ్మాయి ఫ్లాటు బాల్కనీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే, కటవారియా సరాయ్ పక్కన నాన్న పనిచేసిన కాలేజీ క్వార్టర్స్ డాబా మీదికి వెళ్లిపోతాను.

నాన్న కంప్యూటరుకు తెలుగు చదవడం నేర్పేవారు. ఆ కంప్యూటరుకు లెక్కలు ఎక్కించే చిల్లుల అట్టల్లో పనికిరానివి ఇంటికి తెస్తే వాటితో మేం పిల్లలం మేడలు కట్టుకునేవాళ్లం. కాగితం మీద అక్షరం చూపిస్తే ఆ యంత్రం గుర్తుపట్టాలి, టెలిఫోను తీగ మీద అవతలి భవనానికి పంపాలి, అక్కడ అదే అక్షరం చుక్కలు చుక్కలుగా అచ్చుపడాలి. ఒక ఏడు చలికాలం చివర, ఫలానా సోమవారం పైఅధికారులొచ్చి చూస్తారన్నారు. కుదరకపోతే తెలుగు పని అక్కడితో ఆపేస్తారు.

యంత్రానికి నేర్పాలంటే రకరకాల చేతిరాతలు కావాలి. అందుకని ఆ చలికాలమంతా క్యాంపస్‌లోని తెలుగు ఆంటీలు శాలువాలు కప్పుకుని, నువ్వుల గజక్ కొరుక్కుంటూ, వేరుశెనగ పొట్టు ఊదేసుకుంటూ, గళ్ల కాగితాల మీద గడికో అక్షరం చొప్పున అ ఆలు రాసిపెట్టారు. అమ్మ రాతయితే ముత్యాలే. తెలుగు ముక్క రాని కుల్‌దీప్ భయ్యా, నాన్న స్టూడెంటు, మొదటి గడి అ, రెండో గడి ఆ అనుకుంటూ వాటిని వరసగా ఎక్కించాడు.

శనివారం పరీక్షించి చూస్తే, అ చూపిస్తే అవతల ఆ వచ్చింది, ఆ చూపిస్తే ఇ వచ్చింది! తీగలన్నీ ఊడదీసి బిగించినా అదే వరస. నాన్నకు అన్నం సహించలేదు. ఆదివారం మధ్యాహ్నం, ఇక ఈ పని ముగిసినట్టేనని తాతయ్యకు ఉత్తరం రాద్దామని ఎండలో కూర్చున్నారు. పెన్ను పెట్టారో లేదో పగలబడి నవ్వడం మొదలెట్టారు.

“ఏంటండీ, ఎండగానీ కొట్టిందా?” అంది అమ్మ.

“ఎండా లేదు గిండా లేదు. ఇది చూడవే, ముందు శ్రీ రాశాను! మీరంతా మొదటి గడిలో ఇదే చుట్టిపెట్టారు. కుల్‌దీప్ దీన్నే అ అనుకున్నాడు!”

“శ్రీ పెట్టకుండా ఎలా రాస్తామండీ, చోద్యం కాకపోతే!”

నాన్న ఆ కాగితాలు ఎన్నిసార్లు తిరగేశారో! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్న శ్రీ కదా, ఆయన కంటికీ ఆనలేదు. మొదటి గళ్లన్నీ తీసేసి మళ్లీ ఎక్కించారు. సోమవారం అందరి ముందూ అమ్మ రాసిన అ పెట్టగానే, అవతలి భవనం నుంచి కుల్‌దీప్ భయ్యా ఫోనులో కేక పెట్టాడట: “సార్, బిల్‌కుల్ వహీ హై!” అచ్చం అదేనట! తెలుగు పని ఆగకుండా నిలబడింది. నాన్న రిటైరయ్యేదాకా అదే చేశారు.

ఇప్పుడు అమ్మ రాసిన ఆవకాయ కొలతల కాగితం మీద ఫోను పెడితే గడగడా చదివేస్తోంది, పైనున్న శ్రీతో సహా. నాన్న ఉంటే ఎగిరి గంతేసేవారు. “నానీ, యే ఊపర్ శ్రీ క్యోం లిఖా?” అని, పైన శ్రీ ఎందుకు రాశారని అడిగింది మా మనవరాలు. చెప్పాను. “అచ్ఛా” అంది.

తర్వాత గళ్ల పుస్తకం ఇచ్చి అ ఆలు రాయమన్నాను. గుండ్రంగా, మా అమ్మ రాతలాగే రాసింది. చూసి మురిసిపోయాను. మొదటి గడిలో అ ఉంది. కుల్‌దీప్ భయ్యా లెక్క ఇప్పుడు సరిగ్గా సరిపోతుంది.